సోడియం గారి ఉప్పలగుప్తం సంబంధం

పి.గన్నవరం,
2 డిసెంబరు 2024.

ఒసేయ్ కోడలు పిల్లా,

ఈ ఉత్తరం విప్పగానే ముందు నవ్వాల్సినంతా నవ్వేసెయ్. అదయ్యాక మిగతాది చదువు. మీ అత్త పదో తరగతి పరీక్ష రాస్తోంది.

ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టేశాను. మార్చిలో పరీక్షలు. తెలుగు, సోషలు నాకు మంచినీళ్ళ ప్రాయం. లెక్కలంటావా, అంగన్‌వాడీలో ఇన్నేళ్ళూ గుడ్లు లెక్కపెట్టీ లెక్కపెట్టీ అవే వచ్చేశాయి. సైన్సు దగ్గరే నా బండి బురదలో దిగబడిపోయింది. బళ్ళో చదివినప్పుడూ అదే తప్పాను, ఇప్పుడూ దానికే భయం.

ఈ వయసులో ఎందుకంటావా? మా అంగన్‌వాడీలో దీనమ్మ టీచరుగారు మే నెలలో రిటైరైపోతున్నారు. పది పాసైతే ఆ కుర్చీ నాకొచ్చే వీలుందని సూపర్‌వైజరుగారు చెప్పారు. లేకపోతే జీవితాంతం ఆయమ్మనే. పప్పు వండేది నేను, ముక్కులు తుడిచేది నేను, పాటలు నేర్పేది నేను, పలకమీద అక్షరాలు దిద్దించేదీ నేనే. టీచరుగారూ అని ఒక్కరు పిలిస్తే వినాలని నాకుండదా చెప్పు?

మీ నాన్నకి మాత్రం చెప్పకు. నేను సైన్సు తప్పినప్పుడు మా జగ్గారావు అన్నయ్యే "ఇంక చాల్లే" అని నా పుస్తకాలు అటకెక్కించి పెళ్ళి చేసేశాడు. మా అత్తగారు మంగాయమ్మగారికీ చెప్పలేదు. ఆవిడ చెవిన వేస్తే సాయంత్రానికి అక్విడెక్టు వంతెన అవతల ఊళ్ళకి కూడా చేరిపోతుంది. తెలిసింది మీ కొండబాబు మావయ్య ఒక్కడికే. మీ హాస్టల్లో ఆదివారం ఫోను కోసం తిరపతి క్యూ అంత ఉంటుందట కదా, అందుకే ఉత్తరాలు. నువ్వూ పదే, నేనూ పదే. నాకు సైన్సు చెప్పి పెట్టవే, నీకు పుణ్యముంటుంది.

మొదటి అనుమానం రాసుకో. "జడ వాయువులు" అని ఉంది. జడలో గాలి ఎలా దూరుతుందే? ఇంకోచోట "బాహ్య కర్పరం" అన్నారు. నేను దాన్ని కర్పూరం అనుకుని చదివాను. హారతిచ్చే కర్పూరానికి ఈ పాఠంలో ఏం పనబ్బా అని ఒకటే ఆలోచన.

ఇట్లు,
రిబ్బన్లు కట్టుకుని బడికి తయారైన
నీ భవాని అత్త


రామచంద్రపురం,
9 డిసెంబరు 2024.

శ్రీమతి గంగాభవానిగారు, పదో తరగతి విద్యార్థిని, హాల్ టికెట్టు ఇంకా రాలేదు, వారి దివ్యసముఖానికి,

నేను నవ్వలేదత్తా. మెస్సులో ఇడ్లీ తింటూ ఉత్తరం విప్పి గట్టిగా అరిచాను. సాంబారు పక్కమ్మాయి ఒళ్ళో పడింది. ఆ అమ్మాయి నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఎంత సంతోషమేసిందో తెలుసా!

మా పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. మాది ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగు పేజీ మొహం నేనెప్పుడూ చూడలేదు. నీ జడ కోసం మొదటిసారి చూశాను. జడం అంటే ఉలుకూ పలుకూ లేనిది. నీ జడకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కర్పరం అంటే వరస.

పెళ్ళి భోజనాల బంతి గుర్తు తెచ్చుకో. పరమాణువు మధ్యలో కేంద్రకం, చుట్టూ వరసల్లో ఎలక్ట్రాన్లు కూర్చుంటాయి. మొదటి వరసలో ఇద్దరికే చోటు. ఆ పైన, అన్నిటికన్నా బయట ఉన్న వరసలో ఎనిమిది మంది ఉంటే బంతి నిండినట్టు. ఆ బయట వరసే బాహ్య కర్పరం. అది నిండిపోయిన వాళ్ళకి ఇంక ఎవరితోనూ పనుండదు. ఎవరితోనూ కలవరు, ఎవరు పిలిచినా పలకరు. వాళ్ళే జడ వాయువులు. నియాన్, ఆర్గాన్ అలాంటివే. హీలియానికి ఉన్నదే ఒక్క వరస, అందులో ఇద్దరున్నారు, అంతటితో కడుపు నిండిపోయింది. బయట వరస నిండని వాళ్ళకే ఆరాటమంతా. ఇవ్వడమో, పుచ్చుకోవడమో, పొత్తు పెట్టుకోవడమో చేస్తారు.

ఇదంతా మా సైన్సు శ్యామ్ సుందర్ సారుకి చెబితే "మీ అత్తగారు ఏ స్కూలమ్మా?" అని అడిగారు. వంటిల్లని చెప్పాను.

ఇట్లు,
నీ మేష్టారు (బెత్తం పోస్టులో పంపడానికి వీల్లేదన్నారు)
సత్యప్రియ


పి.గన్నవరం,
23 డిసెంబరు 2024.

మేష్టారమ్మగారికి నమస్కారాలండి ఆయ్,

జడ వాయువు నాకు ఎంత బాగా అర్థమైందంటే, మన ఇంట్లోనే ఒకటుంది. మీ మావయ్య! కడుపు నిండాక ఉలకడు, పలకడు. చూరు కారుతోంది అంటే చర్య లేదు. గ్యాసు బండ అయిపోయింది అంటే చర్య లేదు. అందుకని ఆయనకి హీలియం అని పేరు పెట్టాను. అదేదో బిరుదనుకుని మురిసిపోయి కొబ్బరి కొట్టంలో అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు ఒలుపువాళ్ళు "హీలియంగారండీ, లారీ వచ్చిందండీ" అని పిలుస్తున్నారు. నవ్వలేక చస్తున్నాను.

ఆమ్లాలు, క్షారాలు పాఠం కూడా చదివాను. ఊరికే చదివితే ఏం వస్తుందని చింతపండు పులుసులో వంటసోడా గుప్పెడు వేసి చూశాను. ఓరి నాయనో! బుసబుసా పొంగి గిన్నెలోంచి గట్టుమీదికి, గట్టుమీంచి నా చీరమీదికి. మా అత్తగారు పరిగెత్తుకొచ్చి "కొంపకి దిష్టి తగిలేసిందే భవానీ!" అని పసుపునీళ్ళలో సున్నం కలిపి, ఎర్రనీళ్ళు చేసి, నన్ను తూర్పుగా నిలబెట్టి దిష్టి తీసేశారు. పులుసుకీ తీశారు. రాత్రికి ఆ పులుసే పోశాను, హీలియం మారు మాట్లాడకుండా తినేశాడు.

పొంగిందేమిటో చెప్పు. తరవాత రసాయన బంధం పాఠం ఉంది. అది నాలుగుసార్లు చదివినా ఒక్క ముక్క నిలవడం లేదు. బట్టీ పడదామంటే ఎలక్ట్రాన్ విన్యాసం అన్నచోటే నాలిక మడతపడిపోతోంది. ఇక్కడే నీటిపాలైపోతానేమోనని దిగులుగా ఉందే.

నీ వంటింటి శిష్యురాలు,
భవాని


రామచంద్రపురం,
2 జనవరి 2025.

పులుసుకి దిష్టి తీయించిన మహాతల్లికి,

పొంగింది కార్బన్ డయాక్సైడు. చింతపండులో ఆమ్లం, వంటసోడాతో కలిస్తే అది పుడుతుంది. గోలీసోడాలో బుస్సుమనేది కూడా అదే. ఇంక మంగాయమ్మ మామ్మగారు చేసింది దిష్టి కాదత్తా, ప్రయోగం. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, సున్నం క్షారం. అలా రంగు మారి చెప్పేదాన్ని సూచిక అంటారు. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండి చూడు, మళ్ళీ పసుపు రంగొచ్చేస్తుంది. మామ్మగారి ముందు మాత్రం పిండకు.

బంధం పాఠం బట్టీ పట్టకు. కథలాగ రాస్తున్నాను, పనిచేసుకుంటూ గట్టిగా పైకి చెప్పుకో. పైకి చెప్పుకుంటేనే నిలుస్తుంది.

"సోడియంగారి బయట వరసలో ఉన్నది ఒక్కటే ఒక్కటి. ఆ ఒక్కగానొక్కదాన్నీ ఎవరికైనా ఇచ్చేస్తే గాని సోడియానికి నిద్ర పట్టదు. అక్కడ క్లోరిన్ వాళ్ళింట్లో ఏడుగురున్నారు. ఇంకొకటి వస్తే గాని ఇల్లు నిండదు. సోడియం తన ఒక్కగానొక్కదాన్నీ క్లోరిన్‌కి ఇచ్చేసింది. బంధం కుదిరింది. ఇద్దరూ కలిసి ఉప్పయ్యారు."

ఇదే అయానిక బంధం. ఎలక్ట్రాన్ మీద ఉండేది ఋణావేశం. అది ఇచ్చేసినవాడు ధన అయాన్, పుచ్చుకున్నవాడు ఋణ అయాన్. పుచ్చుకున్నవాడికి ఋణమే కదా మరి! ఈ కిటుకు నాకు తెలుగు పేజీలోనే దొరికింది. మా క్లాసులో ఇంగ్లీషులో ఎవరికీ గుర్తుండదు, ఇప్పుడందరూ నా దగ్గరికొచ్చి తెలుగులో నేర్చుకుంటున్నారు.

రోజూ పొద్దుటా సాయంత్రం చెప్పుకో. సిగ్గుపడకు.

ఇట్లు,
సత్యప్రియ మేష్టారు


రామచంద్రపురం,
3 ఫిబ్రవరి 2025.

అత్తా,

ప్రియమైన అని రాయడం లేదు. గమనించు.

నిన్న ఆదివారం ఫోను క్యూలో గంటసేపు నిలబడితే నా వంతొచ్చింది. "నాన్నా, బాగున్నారా" అన్నానో లేదో నాన్న ఒకటే కేకలు. "మీ అత్త నీకు ఉప్పలగుప్తంలో సంబంధం కుదిర్చేసిందంట గదే! ఏడుగురు అన్నదమ్ములంట! ఒక్కగానొక్క పిల్లని, కన్నతండ్రిని నన్నొక మాటడక్కుండా ఇచ్చేత్తాదా? రేపే ఎల్లి ఆళ్ళ సంగతి తేలుత్తాను!" అన్నారు. నేను నోరు తెరిచేలోపు వెనకాలమ్మాయి ఫోను లాగేసుకుంది.

నాకు పదిహేనేళ్ళత్తా! నేను ఇంటర్ చదవాలి, ఆ తరవాత ఇంకా చాలా చదవాలి. నీకు అన్నీ చెప్పుకున్నాను కదా. నేను ఇక్కడ దోమల్లో కూర్చుని నీకు పాఠాలు రాస్తుంటే నువ్వు అక్కడ నాకు మొగుణ్ణి వెతుకుతున్నావా? పైగా ఏడుగురట. అందులో నాకు ఏ ఒక్కడో కూడా నాన్న చెప్పలేదు.

రాత్రంతా ఏడ్చాను. సాంబారమ్మాయి కూడా జాలిపడి మాట్లాడింది.

సత్యప్రియ


పి.గన్నవరం,
7 ఫిబ్రవరి 2025.

నా బంగారు తల్లీ, ఏడవకే!

ఎవరికీ పెళ్ళి లేదు, పేరంటం లేదు. నీ పెళ్ళికొడుకు పేరు క్లోరిన్!

నువ్వు పైకి చెప్పుకోమన్నావా లేదా? చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేను కథ చెప్పుకుంటున్నాను. పెరట్లో మా అత్తగారు వింటున్నారని నాకేం తెలుసు? సోడియంగారి ఒక్కగానొక్కది, ఏడుగురున్న ఇల్లు, ఇచ్చేశారు, కుదిరింది అని వినేసరికి ఆవిడకి నువ్వే గుర్తొచ్చావు. మా పుట్టింట్లో ఒక్కగానొక్క పిల్లవి నువ్వే కదా మరి. చివర్లో ఉప్పయ్యారు అన్నది సగమే వినపడిందట. ఉప్పు అంటే ఉప్పలగుప్తం అనేసుకున్నారు! నన్నొక్క మాట అడగలేదు. ఫోను తీసి నేరుగా తాటిపాకలో మీ నాన్నకి చేసేశారు.

మీ నాన్న మర్నాడే బండేసుకుని అమలాపురం మీదుగా ఉప్పలగుప్తం వెళ్ళాడు. టీ కొట్టు దగ్గర ఆపి "ఏడుగురు అన్నదమ్ములండీ, కోడలొత్తే గాని ఇల్లు నిండదంటున్నారంటండీ, ఎవరండీ ఆళ్ళు?" అని అడిగాడట. మన ఖర్మకి నిజంగానే అలాంటి ఇల్లొకటి ఉంది! లోపలికి వెళ్తే అరుగుమీద వరసగా ఏడుగురూ కూర్చునున్నారు. అందరికన్నా చిన్నాయనకి మునిమనవడు కూడా ఉన్నాడు. తగువుకెళ్ళిన మీ నాన్నకి మజ్జిగిచ్చి, ఊరూ పేరూ అడిగి, వెళ్ళేటప్పుడు పనసకాయ కూడా బండికి కట్టి పంపారు. "మా ఇంట్లో పెళ్ళీడు వాళ్ళు లేరండి, ఉంటే తమరితో వియ్యం మాకిష్టమేనండి" అన్నారట.

ఆ పనసకాయతో నేరుగా మా ఇంటికొచ్చి విరుచుకుపడ్డాడు. ఇంక దాచి లాభం లేక పుస్తకం తెచ్చి సోడియాన్నీ క్లోరిన్‌నీ చూపించాను. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీ మావయ్య కూడా నవ్వాడు, అంటే చూసుకో.

మీ నాన్న ఒక్కడే నవ్వలేదు. "ఈ వయసులో నీకు సైన్సెందుకే? ఒకసారి తప్పింది చాలదా? మళ్ళీ తప్పి ఊళ్ళో నలుగురిచేతా నవ్వించుకుంటావా?" అని, పనసకాయ గుమ్మంలో పడేసి వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా పొట్ట పట్టుకుని నవ్వుతున్నదాన్ని. ఆ మాటకి ఏడుపొచ్చేసింది. వాడన్నదాంట్లో అబద్ధమేముంది? మళ్ళీ తప్పితే? పుస్తకం బియ్యం డబ్బా వెనకాల పడేశాను. నేను రాయనులే ప్రియా. నువ్వు బాగా రాయి. నాకింతే ప్రాప్తం.

నీ అత్త


రామచంద్రపురం,
11 ఫిబ్రవరి 2025.

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన అత్తా,

పోయిన ఉత్తరంలో బాకీ పడ్డది కలిపి మూడుసార్లు రాశాను. నీ ఉత్తరం మొదటి సగం హాస్టలంతా చదివి వినిపించాను. వార్డెనుగారికి వెక్కిళ్ళొచ్చి నీళ్ళు తాగించాల్సొచ్చింది. రెండో సగం ఎవరికీ చదవలేదు. అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

నీకొక సంగతి చెప్పలేదు. దసరా ముందు పరీక్షలో నాకు కెమిస్ట్రీ తప్పింది. నాన్నకి చెబితే నా పుస్తకాలు కూడా అటకెక్కుతాయేమోనని భయపడ్డాను. నీకు చెప్పాలి కాబట్టి ఇంగ్లీషు పేజీ, తెలుగు పేజీ రెండూ చదివాను. నీకు అర్థమయ్యేలా రాయాలంటే ముందు నాకు అర్థమవ్వాలి కదా. మొన్న పెట్టిన పరీక్షలో క్లాసులో రెండోదాన్ని. ఇప్పుడు నువ్వు మానేస్తే నేనెవరికి చెప్పుకుంటూ చదవాలి? అంత కష్టపడి క్లోరిన్‌ని ఒక ఇంటివాణ్ణి చేశాను, నన్ను నడిమధ్యలో వదిలేస్తావా?

ఆదివారం మళ్ళీ క్యూలో నిలబడ్డాను. "నాన్నా, అత్త పరీక్ష రాయకపోతే నేనూ రాయను. ఆ చదువు ఆపింది మీరేనట కదా" అన్నాను. నా వంతు అయిపోయేదాకా నాన్న ఉలకలేదు, పలకలేదు. ఉత్త జడ వాయువు.

బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టు. ఇప్పుడే. ఉత్తరం మడవక ముందే.

మొండి మేష్టారు,
సత్యప్రియ


పి.గన్నవరం,
29 మార్చి 2025.

ఒసేయ్ మొండిఘటమా,

రాసేశానే! సైన్సు కూడా అయిపోయింది!

నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెడితే పుస్తకం లేదు. చూస్తే మా అత్తగారి మంచం మీదుంది. ఆవిడకి నామీద పట్టరాని కోపం. చదువుతున్నందుక్కాదు, చెప్పనందుకు. "పెళ్ళనుకుని ఊరంతా సెప్పుకున్నానే! సదువని సెప్పుంటే అదే ఊరంతా సెప్పుకుందును గదే! నా కోడలు పెద్ద పరీచ్చ రాత్తందంటే నాకు పరువు కాదా?" అని ఒకటే సాధింపు. ఆ సాయంత్రం నుంచీ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఆవిడ వండుతూనే ప్రశ్నలు. ఆవిడకి మూలకాలన్నీ చుట్టాలైపోయారు. "మెగ్నీషియంగారికి ఎంతమందే?" "ఇద్దరండీ అత్తయ్యగారూ." "ఆక్సిజనోళ్ళకి ఎంతమంది తక్కువ?" "ఇద్దరేనండీ." "అయితే ఇద్దర్నీ ఒకే ఇంటికిచ్చెయ్, తోడుంటారు." కార్బన్ ఎవరికీ ఇవ్వడు, ఎవరిదీ పుచ్చుకోడు, నలుగురితో పొత్తు పెట్టుకుంటాడని చెబితే అలాంటివాడే ఊళ్ళో నిలబడతాడన్నారు. సమయోజనీయ బంధం నాకలా వచ్చేసింది.

పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు కుర్రాడు "అమ్మా, పిల్లని దింపేసి మీరు బయటికెళ్ళిపోవాలండి" అన్నాడు. "నేనేనండీ పిల్లని" అన్నాను. పాపం, సిగ్గుపడి కుర్చీ జరిపాడు. పేపరు చేతికిచ్చాక అక్షరాలు కనబడలేదే. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిస్తే మెగ్నీషియం క్లోరైడు అడిగాడు! ఇద్దరు క్లోరిన్లు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి తక్కువ. చెరొకటీ ఇచ్చేసి బొమ్మ గీసి బాణాలు పెట్టాను. రాసినంతసేపూ నాలో నేనే నవ్వుకున్నాను. మిగతావి ఎలా రాశానో దేవుడికే తెలియాలి. బయట మీ మావయ్య రెండు సోడాలు పట్టుకుని ఎండలో నిలబడున్నాడు. "ఎలా రాసావ్?" అని అడిగాడే! హీలియం తనంతట తను మాట్లాడింది!

మీ నాన్న ఆ రోజు తరవాత మా గుమ్మం తొక్కలేదు. ఫోనూ లేదు. పాసైనా తప్పినా నాకు వాడు అన్నయ్యే, కానీ తప్పితే ఇంక వాడి మొహం ఎలా చూడను? అదొక్కటే భయం.

నీ తోటి విద్యార్థిని,
భవాని


పి.గన్నవరం,
24 ఏప్రిల్ 2025.

నా చిట్టి తల్లీ,

నీకు సైన్సులో తొంభై నాలుగట! మా అత్తగారు పొద్దున్నుంచీ వీధిలోనే ఉన్నారు, లోపలికి రావడం లేదు. హాస్టల్లో ఆ ఇంటర్ ఎంట్రన్సు కోచింగు అవగానే రేపో మాపో వస్తావని తెలుసు, అయినా ఇది నోటితో చెప్పలేను, ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

నిన్న రిజల్టు. నేను ఫోనులో చూసుకోలేదు, ధైర్యం చాల్లేదు. మామూలుగానే అంగన్‌వాడీకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని పడుకున్నారు. దీనమ్మగారు మీటింగుకి వెళ్ళారు. నేను లోపల గిన్నెలు కడుగుతున్నాను. గుమ్మంలోంచి ఎవరో "టీచరుగారున్నారాండీ?" అన్నారు.

"మీటింగుకెళ్ళారండీ, రేపు రండి" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

"దీనమ్మగారు కాదండీ. గంగాభవాని టీచరుగారు."

తిరిగి చూస్తే మీ నాన్న. చేతిలో, మీ మావయ్య దగ్గర నా నంబరు తీసుకుని నెట్ సెంటర్లో తీయించిన మార్కుల కాగితం. తాటిపాక నుంచి అంత ఎండలో వచ్చాడు, చొక్కా అంతా తడిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక "ఒసేయ్" అనీ "ఏమే" అనీ తప్ప నన్నింకోలా పిలిచి ఎరగడు వాడు.

"సైన్సులో యాభై ఎనిమిదండీ. తమరు అన్నీ పాసయ్యేరండీ" అన్నాడు.

"అదేంటన్నయ్యా, నన్ను పట్టుకుని మీరంటావేంటి?" అన్నాను. ఎగతాళేమో అనుకున్నాను. వాడి మొహం చూస్తే కాదు. కాగితం నావైపు చాపాడు, నా చేతులు తడిగా ఉన్నాయి, అందుకోలేకపోయాను. అలాగే ఎదురెదురుగా నిలబడి ఇద్దరం ఏడ్చేశాం. పిల్లలు లేచిపోయి మమ్మల్ని చూసి వాళ్ళూ మొదలుపెట్టారు.

"ఎండలో నిలబడ్డావేంటి, లోపలికి రా" అనడం కూడా నాకు తోచలేదు. ఎవరింటికెళ్ళినా కేకేసుకుంటూ వంటింటి దాకా వచ్చేసే మనిషి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చాండీ, టీచరుగారూ?" అని అడిగాడు.

నేను రమ్మన్నదాకా గడప దాటలేదే ప్రియా.

మీ అత్త,
గంగాభవాని